షికారుకు ‘శిక్షణ’ అని పేరు: రాజుల సైనిక విమానాలు, మన వెట్టి జ్ఞాపకం

బ్రిటన్ రాజకుటుంబం ఖర్చుల లెక్క మళ్లీ చర్చకొచ్చింది. ప్రజల సొమ్ములోంచి రాచరికానికి ఏటా ఇచ్చే గ్రాంటు 8.63 కోట్ల పౌండ్ల నుంచి 2025-26లో 13.21 కోట్ల పౌండ్లకు పెరిగింది. పెరిగిన మొత్తంలో ఎక్కువ భాగం బకింగ్‌హామ్ ప్యాలెస్ మరమ్మతులకేనని చెబుతున్నారు. విక్టోరియా రాణి కాలం నుంచి నడుస్తున్న రాయల్ రైలును 2027 నాటికి ఆపేస్తామని కూడా 2025లోనే ప్రకటించారు. రైలు పోయినా హెలికాప్టర్లు ఉంటాయి. అదే ఏడాది అక్టోబరులో రాజు చార్లెస్ తన తమ్ముడు ఆండ్రూ బిరుదులు తొలగించే పని మొదలుపెట్టారు. బిరుదు ఇచ్చింది ప్యాలెస్, తీసుకుంటున్నదీ ప్యాలెస్సే. ఆ బిరుదు ఉన్నన్నాళ్లూ పన్నులు కట్టిన జనం మాత్రం ఈ రెండు సందర్భాల్లోనూ ప్రేక్షకులే.

ఎక్కడో ఉన్న రాజుల గొడవ దళిత బహుజన పాఠకులకెందుకని కొందరు అడగవచ్చు. మాకు ఇది దూరపు సంగతిగా కనిపించడం లేదు. ప్రజల సొమ్ముతో కొన్న సైనిక విమానాన్ని పుట్టుకతో పెద్దవాడైన మనిషి సొంత పనికి వాడుకుంటే వ్యవస్థ దాన్ని ఎలా సమర్థించుకుంటుంది? దీనికి సమాధానం తెలిస్తే మన ఊళ్లోనూ, మన ఆఫీసులోనూ జరిగేది ఇంకాస్త తేటగా అర్థమవుతుంది.

2008 ఏప్రిల్ నెలను తీసుకుందాం. యువరాజు విలియం అప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో కొన్ని నెలల శిక్షణలో ఉన్నారు. శిక్షణ పూర్తయిందని ఏప్రిల్ 11న తండ్రి చార్లెస్ చేతుల మీదుగా ‘వింగ్స్’ అందుకున్నారు. దానికి ముందూ ఆ రోజుల్లోనూ ఆయన ఓడిహామ్ స్థావరంలో చినూక్ హెలికాప్టర్ల మీద ఎగిరారు. రెండు రోటర్లు ఉండే చినూక్ సైనికులనూ సరుకునూ యుద్ధరంగానికి మోసుకెళ్లే భారీ యంత్రం.

ఆ చినూక్ ఎక్కడెక్కడికి వెళ్లింది? తండ్రి నివాసం హైగ్రోవ్ మీదుగా ఒకసారి, నానమ్మ ఎస్టేట్ సాండ్రింగ్‌హామ్ వైపు ఒకసారి ఎగిరింది. తర్వాత ఆయన భార్య అయిన కేట్ మిడిల్టన్ తల్లిదండ్రులకు బకిల్‌బరీలో ఉన్న పొలంలో దిగి, ఎవరూ కిందికి దిగకుండానే మళ్లీ లేచింది. ఉత్తరాన హెక్సమ్ దాకా వెళ్లింది. ఆ ప్రాంతంలో ఆయన మిత్రుల పెళ్లి ఉందని పత్రికలు రాశాయి. చివరిగా లండన్‌లో తమ్ముడు హ్యారీని ఎక్కించుకుని, వరుసకు సోదరుడైన పీటర్ ఫిలిప్స్ పెళ్లికి ముందు జరిగే బ్యాచిలర్ పార్టీ కోసం ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో దిగింది.

విషయం బయటికొచ్చాక రక్షణ మంత్రిత్వ శాఖ ఇవన్నీ శిక్షణ విమానయానాలేనని సమర్థించుకుంది. తర్వాత ప్రణాళికలో కొంత అమాయకత్వం ఉందని ఒప్పుకుంటూనే, శిక్షణగా వాటికి విలువ ఉందన్న మాటను వదల్లేదు. ఆ తర్వాత ఖర్చుల వివరాలు కూడా వెల్లడించింది. ఒక్కో ప్రయాణానికి వేల పౌండ్లు అయ్యాయి.

వాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. శిక్షణలో ఉన్న పైలట్ ఎలాగూ కొన్ని గంటలు ఎగరాలి. తెలియని చోట దిగడం, రద్దీ ఉన్న నగరం మీదుగా వెళ్లడం, నీళ్లు దాటడం నేర్చుకోవాలి. విలియం ఒంటరిగానూ ఎగరలేదు, పక్కన అనుభవమున్న సిబ్బంది ఉన్నారు. ‘ఎలాగూ కాలే ఇంధనమే కదా, అది ఐల్ ఆఫ్ వైట్ వైపు కాలితే నష్టమేంటి’ అన్నది వాళ్ల ప్రశ్న.

మాకు ఎదురు ప్రశ్న ఉంది. ఆ బ్యాచ్‌లో శిక్షణ పొందుతున్న ఒక గని కార్మికుడి కొడుకు, తన స్నేహితురాలి ఇంటి పెరట్లో చినూక్ దించి చూపిస్తానంటే పై అధికారి సంతకం పెట్టేవాడా? బ్యాచిలర్ పార్టీకి తమ్ముణ్ణి ఎక్కించుకుంటానంటే దారి మళ్లించేవాడా? పెట్టడని అందరికీ తెలుసు. కాబట్టి తగువు ఇంధనం లెక్కతో తేలేది కాదు. ఒకే ప్రయాణం ఒకరి విషయంలో ‘శిక్షణ’ అవుతుంది, ఇంకొకరి విషయంలో క్రమశిక్షణా చర్యకు దారితీస్తుంది. సొంత పనికి ప్రభుత్వ పని అనే పేరు పెట్టించుకోగల శక్తి ఎవరికి ఉందన్నదే ఇక్కడ అసలు విషయం.

ఆ శక్తి పనిచేయడానికి ఆదేశం కూడా అవసరం లేదు. ‘నా కోసం విమానం పంపండి’ అని యువరాజు హుకుం జారీ చేసి ఉంటాడని మేము అనడం లేదు. మ్యాపు మీద గీత గీసేవాడు, దాన్ని ఆమోదించేవాడు, పుస్తకంలో రాసేవాడు, వీళ్లంతా ఎదుటి మనిషి ఎవరో గుర్తుపెట్టుకునే పనిచేస్తారు. ఇది మనకు కొత్త కాదు. ఊళ్లో దొర నోరు తెరవక ముందే పని జరిగిపోయేది. దొర అడిగాడని సాక్ష్యం చెప్పేవాడు దొరకడు. ఎందుకంటే దొర అడగాల్సిన అవసరమే రాలేదు. కుల ఆధిపత్యం కాగితం మీద కనపడకుండా బతకడానికి ఇదే కారణం.

ఆ హెలికాప్టర్ వృథా ఎగరడానికి ఇంకో కోణం ఉంది. 2008 నాటికి బ్రిటిష్ సైనికులు అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో యుద్ధం చేస్తున్నారు. రోడ్ల మీద పాతిన బాంబులకు ప్రాణాలు పోతుంటే, రోడ్డు తప్పించి సైనికులను మోసుకెళ్లే హెలికాప్టర్లు చాలడం లేదన్న విమర్శ ఆ దేశంలో పెద్ద రాజకీయ వివాదమైంది. 25.9 కోట్ల పౌండ్లు పోసి కొన్న 8 చినూక్‌లు సాఫ్ట్‌వేర్ ధ్రువీకరణ చిక్కుల వల్ల ఏళ్ల తరబడి షెడ్లలోనే పడి ఉన్నాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2008 జూన్‌లో నివేదిక ఇచ్చింది. 2009 జులై ఒక్క నెలలోనే అఫ్గానిస్తాన్‌లో 22 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. యువరాజు శిక్షణ ప్రయాణాల వల్లే ఆ కొరత వచ్చిందని ఎవరూ అనలేరు, మేమూ అనం. కానీ ముందువరసలో కొరతగా ఉన్న యంత్రం పెళ్లిసందడి దగ్గర మాత్రం దొరికిందంటే, సైనికుడి తల్లికి ఆ దృశ్యం ఎలా కనపడుతుందో ఊహించుకోవచ్చు.

విలియంది ఒక్కడి కథా కాదు. ఆండ్రూ గోల్ఫ్ ఆటలకు ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో తిరుగుతున్నాడన్న విమర్శ 2000 దశకం మొదట్లోనే వచ్చింది. ‘ఎయిర్‌మైల్స్ ఆండీ’ అని అక్కడి పత్రికలు పేరు పెట్టాయి. ఆడిట్ కార్యాలయం 2005లో ఆ ప్రయాణాలను పరిశీలించి నిబంధనలు అతిక్రమించలేదని తేల్చింది. నిజమే కావచ్చు. రాచవాడి అవసరాలను ముందే లోపల ఇముడ్చుకున్న నిబంధనలను అతిక్రమించాల్సిన పని రాచవాడికి ఎందుకొస్తుంది?

ప్రశ్నించే దారి కూడా తర్వాత ఇరుకైంది. బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టాన్ని 2010లో సవరించి, రాణితోనూ సింహాసనానికి మొదటి, రెండో వారసులతోనూ ప్రభుత్వం జరిపే ఉత్తర ప్రత్యుత్తరాలను పూర్తిగా మినహాయించారు. ఆ సవరణ 2011 జనవరిలో అమల్లోకి వచ్చింది. అప్పటి రెండో వారసుడు విలియమే. ప్రయాణ ఖర్చుల లెక్కలు కొంతవరకు బయటికొస్తాయి. కానీ ఆ నిర్ణయాల వెనక రాజకుటుంబంతో జరిగిన మాటామంతీ చూడాలంటే చట్టమే తలుపు వేసేసింది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. బ్రిటిష్ సైనిక విమానాలకూ తెలంగాణ పల్లెలకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాళ్లకు విమానాలు బహూకరించాడు. డీహెచ్-9ఏ రకం బాంబర్లతో 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరిన 110వ స్క్వాడ్రన్‌కు అందుకే ‘హైదరాబాద్’ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కూ ‘హైదరాబాద్’ పేరే, దాని చిహ్నంలో నిజాం తలపాగా. 110వ స్క్వాడ్రన్ విమానం ఒకటి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉంది. హైదరాబాద్ నిజాం బహూకరించినదని దాని మీద రాసి ఉంటుంది.

ఆ రాతలో ఒక పేరే ఉంది, చెమటోడ్చినవాళ్ల పేర్లు లేవు. నిజాం ఖజానాకు డబ్బు ఎక్కడిది? భూమి శిస్తు నుంచి, సర్ఫేఖాస్ గ్రామాల నుంచి, జాగీర్ల మీద నిలబడ్డ ఒక వ్యవస్థ నుంచి వచ్చింది. ఆ వ్యవస్థ అడుగున వెట్టి ఉంది. మాల మాదిగ ఇళ్ల నుంచి మనిషి వంతున వెట్టికి వెళ్లాలి. అధికారి ఊరికొస్తే సామాను మోయాలి, కబురు పట్టుకుని పక్క ఊరికి పరుగెత్తాలి, చెప్పులూ తోలు సామానూ ఉచితంగా ఇవ్వాలి. దొర కుటుంబం బండి కట్టుకుని బయల్దేరితే దారి చూపుతూ బండి ముందూ వెనకా పరుగెత్తాలి. దొర చుట్టరికానికి పోతున్నాడా, సర్కారు పనికి పోతున్నాడా అని పరుగెత్తేవాడు అడగడానికి లేదు. ఆ ప్రయాణమంతా సర్కారు పనే.

1918లో విమానం మీద నిజాం పేరు రాసినప్పుడు, కింద బండి ముందు పరుగెత్తుతున్నది మన తాతలు. బకిల్‌బరీ పొలంలో దిగిన చినూక్ వార్త చదివినప్పుడు మాకు ఆ బండే గుర్తొచ్చింది. కాలం మారింది, యంత్రం మారింది. పెద్దమనిషి ప్రయాణానికి ప్రజలే ఇంధనం కావాలన్న నమ్మకం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

బ్రిటన్‌కు భిన్నంగా మనం ఒక నిర్ణయం తీసుకున్నాం. బాబాసాహెబ్ అంబేడ్కర్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా ఉండి తయారుచేసిన రాజ్యాంగంలో 17, 18 అధికరణాలు పక్కపక్కనే ఉన్నాయి. 17 అంటరానితనాన్ని రద్దు చేస్తుంది. 18 బిరుదులను రద్దు చేస్తుంది, సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప. ఒకటి పుట్టుకతో వచ్చే ‘తక్కువ’ను కొట్టేస్తే, ఇంకొకటి బిరుదుతో వచ్చే ‘ఎక్కువ’ను కొట్టేస్తుంది. ఒకటి ఉంచి ఇంకొకటి తీసేయడం కుదరదన్న సంగతి ఈ రెండూ కలిపి చదివితే తెలుస్తుంది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1971లో 26వ సవరణతో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు కూడా పోయాయి.

కాగితం మీద పోయినవి అలవాటులోంచి పోయాయా? చినూక్ వివాదం నడిచిన 2008లోనే మన పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం సైన్యంలోని ‘సహాయక్’ పద్ధతిని తప్పుపట్టింది. దేశసేవకు చేరిన జవాన్లతో అధికారుల ఇంటిపనులు చేయించడం అవమానకరమని చెప్పింది. పోలీసు శాఖల్లో ఆర్డర్లీల మీదా ఇదే విమర్శ. అధికారి పిల్లల్ని బడికి తీసుకెళ్లడం, కూరగాయలు తేవడం, కుక్కను తిప్పడం కూడా కాగితాల్లో ‘డ్యూటీ’ కిందే పడతాయి. హెలికాప్టర్ సంగతిలో వృథా అయ్యేది ఇంధనం. ఇక్కడ వృథా అయ్యేది మనిషి గౌరవం. అందుకే ఇది మాకు మరింత బాధ కలిగిస్తుంది.

ఇలాంటి ప్రతి వివాదంలోనూ ‘ఎంత ఖర్చయింది’ అన్న ప్రశ్నతోనే చర్చ ఆగిపోతుంది. ఖర్చు తిరిగి కట్టేస్తే తప్పు మాసిపోయినట్టు మాట్లాడతారు. మేము అడగదలచినవి వేరు. ఈ పనికి ప్రభుత్వ పని అని పేరు పెట్టింది ఎవరు? అదే పేరు కింది ర్యాంకులో ఉన్నవాడు అడిగితే ఇచ్చేవారా? ఆ నిర్ణయం జరిగిన కాగితాన్ని ఒక మామూలు పౌరుడు చూడగలడా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాని చోట, రాజు ఉన్నా లేకపోయినా రాచరికం ఉన్నట్టే.

ఆండ్రూ బిరుదులు తీసేయడంతో లెక్క తీరిందని బ్రిటన్‌లో కొందరు సంతోషపడుతున్నారు. బిరుదు పోవడం మంచిదే. కానీ బిరుదు ఇచ్చే, తీసుకునే అధికారం ఒక కుటుంబం చేతిలో ఉన్నంతకాలం, ఆ కుటుంబం ప్రయాణాలకు తగిన పేర్లు వెతికిపెట్టే అధికారులూ ఉంటారు. మన దగ్గర బిరుదులు 1950లోనే పోయాయి, పేర్లు వెతికిపెట్టే అలవాటు మిగిలింది. కలెక్టరాఫీసులోనైనా, పోలీస్ స్టేషన్లోనైనా, సర్కారు బండి ఎవరి పని మీద బయల్దేరుతోందో లాగ్‌బుక్ అడిగి చూసే హక్కు మన చేతిలో ఉంది. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. బండి ముందు పరుగెత్తినవాళ్ల మనవలు ఆ బండి ఎక్కడికి పోతోందని అడగాలి.