పాట మనది, పోస్టు యాడ?

మొన్న మా చెన్నూరు పక్క పల్లె పిల్లోడు ఒకడు అడిగినాడు. ఇంటరు అయిపోయింది. రాత్రయితే రామాలయం కాడ భజనలో హార్మోనీ వాయిస్తాడు. "అన్నా, బళ్లో సంగీతం సారు కావల్లంటే ఏం సదవల్ల?" అన్నాడు.

ఏం సదవల్లో చెప్పొచ్చు. సదివినాక యాడ చేరల్లో చెప్పడమే కష్టం.

కేంద్రీయ విద్యాలయాలు 2022 నోటిఫికేషన్‌లో ప్రైమరీ సంగీతం టీచర్ల పోస్టులు 303 చూపించినాయి. ఇంటరులో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండల్ల. ఇంగ్లీషులో, హిందీలో పాఠం చెప్పగలగల్ల. ఈడ ఒక మెలిక ఉండాది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేండ్లు, డిప్లొమా రెండేండ్లు. ఆరేండ్లు గొంతు అరగదీసినా పేరుకు అది డిప్లొమానే. డిగ్రీతో సమానమని కాగితం ఉందా లేదా అనేది చేరకముందే అడగండి, చేరినాక కాదు. తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది, కానీ అది ఆడపిల్లలకే. మన హార్మోనీ పిల్లోడు ఇంకో బస్సు ఎక్కల్ల.

సరే, అప్పో సప్పో చేసి సదివినాడు అనుకుందాం. మన రాష్ట్రం ఏమంటాంది? 2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ వచ్చింది. మొత్తం 16,347 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, టీజీటీలు 1,781, పీజీటీలు 286, పీఈటీలు 132, ప్రిన్సిపాళ్లు 52. కూడి చూసుకోండి, లెక్క సరిపోతాది. సంగీతం సారు అనే వరసే లేదు. 2018 డీఎస్సీలో సంగీతం, డ్రాయింగ్, క్రాఫ్ట్ పోస్టులు కనబడినాయి. ఈ తూరి అదీ లేదు.

"సంగీతం కూడు పెడతాదా?" అని పెద్దోళ్లు అంటారు. వాళ్లను తప్పు పట్టలేము. పోస్టు లేనప్పుడు యా తల్లి మాత్రం బిడ్డను పంపిస్తాది?

కానీ ఇది దయాదాక్షిణ్యం సంగతి కాదు, చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తెరిచి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లోళ్లు వంద దాటిన బళ్లో కళావిద్యకు, వ్యాయామానికి, పనివిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండల్ల అని రాసినారు. కొన్ని బళ్లలో పెట్టినారు, కాదనను. అయితే పార్ట్‌టైమ్ జీతాన్ని నమ్ముకొని డిగ్రీకి ఎవరు పోతారు? పైగా కళావిద్య అంటే బొమ్మలు గీయడం ఒక్కటే అని సరిపెట్టుకుంటే పాట మళ్లా బయటే నిలబడాల.

ఈ గడ్డ పాటకు కొత్తేం కాదు. 1885లో సురభి నాటకం పుట్టింది మన కడప జిల్లా పల్లెలోనే. అన్నమయ్య తాళ్లపాక మన సీమదే. ఊరూరా చెక్కభజన గురువు ఉంటాడు, చదువు లేకపోయినా వందమందికి తాళం తప్పకుండా నేర్పిస్తాడు. ఆయనకు బళ్లోకి దారి లేదు, ఆయన శిష్యునికి డిగ్రీ ఉన్నా పోస్టు లేదు. పట్నంలో ఫీజు కట్టగలిగినోళ్ల పిల్లలకు కీబోర్డు క్లాసు, మన పిల్లోళ్లకు ఆగస్టు పదిహేనుకు మైకులో పాట. తేడా అంతే.

అందుకని ఆ పిల్లోనికి రెండు మాటలు చెప్పినా. మొదటిది, సంగీతంతో పాటు మామూలు డిగ్రీ, బీఈడీ కూడా ఒక చేతిలో పెట్టుకో, ఒక్క తాడు మీద నడవొద్దు. రెండోది, మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మండల స్థాయిలో ఫీజు ఐదు రూపాయలు, ముప్పై దినాల్లో జవాబు ఇయ్యల్ల. రెండే ప్రశ్నలు అడుగు: మన మండలంలో ఆరు నుంచి ఎనిమిది వరకు వంద దాటిన బళ్లు ఎన్ని? వాటిలో కళావిద్యకు మనిషి ఉన్న బళ్లు ఎన్ని?

మీ మీ మండలాల్లో మీరూ అడగండప్పా. కాగితం మీద ఖాళీ కనబడితేనే గదా, భర్తీ చెయ్యమని గట్టిగా అడిగేది.