ఏడో నెల రిపోర్టు చూసి కంగారు వద్దు, తొమ్మిదో నెల పరీక్ష మానవద్దు

"బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది" అని స్కానింగు రిపోర్టులో ఉందంటే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. అది ఏడో నెలలో తీసిన రిపోర్టా, తొమ్మిదో నెలలో తీసినదా అని మాత్రం చాలామంది చూడరు. మా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది అదే.

కడుపులో బిడ్డ ఒక్క తీరుగా ఉండదు. ఉమ్మనీటిలో తేలుతూ అటూ ఇటూ తిరుగుతుంది. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒక బిడ్డ తల పైకి, పిర్రలో కాళ్ళో కిందికి ఉంటుంది. బిడ్డ పెరిగేకొద్దీ చోటు ఇరుకవుతుంది. గర్భసంచి పైభాగం వెడల్పుగా ఉంటుంది గనుక మడుచుకున్న కాళ్ళూ పిర్రలూ అక్కడ సర్దుకుంటాయి, తల కిందికి వస్తుంది. నెలలు నిండేసరికి నూటికి 3 లేక 4 బిడ్డలు మాత్రమే ఎదురుకాళ్ళతో మిగులుతారు. అందుచేత ఏడో నెల రిపోర్టు చూసి ఆపరేషను తప్పదనుకోవడం తొందరపాటు.

అయితే 36 వారాలు దాటాక బిడ్డ తనంతట తాను తిరగడం తగ్గిపోతుంది. కనుక ఆ సమయంలో డాక్టరు గానీ నర్సు గానీ పొట్టమీద చేయి పెట్టి బిడ్డ తల ఎక్కడుందో చూడాలి. అనుమానముంటే స్కానింగు చేయించాలి.

మన ఇళ్ళలో చిక్కు ఇక్కడే వస్తుంది. తొలికాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్ళేది సరిగ్గా ఈ నెలల్లోనే. చీరలూ పండ్లూ సర్దుతారు, ఫైలు అత్తవారింట్లో ఉండిపోతుంది. కొత్త ఊళ్ళో డాక్టరు ఆమెను నొప్పులు మొదలయ్యాకే మొదటిసారి చూస్తారు. పుట్టింటికి వెళ్ళడం మంచిదే, అమ్మ దగ్గర ఉండే ధైర్యం వేరు. కానీ సంచిలో ముందు ఫైలు పెట్టండి. వెళ్ళిన వారంలోనే అక్కడి ఆస్పత్రిలో చూపించండి. "తల కిందికి వచ్చిందా?" అని మీరే అడగండి. 2016 నుండి ప్రభుత్వ ఆస్పత్రులలో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు.

ముందే తెలిస్తే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. 36, 37 వారాలప్పుడు పొట్టపై నుండి చేతులతో బిడ్డను నెమ్మదిగా తిప్పే పద్ధతి ఉంది. ఇంచుమించు సగం మందిలో ఇది ఫలిస్తుంది. కుదరకపోతే ఆపరేషనా, అనుభవమున్న డాక్టరు సమక్షంలో మామూలు కాన్పా అన్నది నిదానంగా నిర్ణయించుకోవచ్చు.

తెలియకపోతే ప్రమాదం. బిడ్డ ఎదురుకాళ్ళతోనో అడ్డంగానో ఉండగా ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు కిందికి జారి నొక్కుకుపోవచ్చు. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. తల్లిని పక్కకు తిప్పి, నడుము కింద దిండు పెట్టి ఎత్తుగా పడుకోబెట్టి తీసుకురండి.

నూనె రాసి, పొట్ట పిసికి బిడ్డను తిప్పేవారి దగ్గరకు మాత్రం వెళ్ళవద్దు. బిడ్డను తిప్పేది ఆస్పత్రిలోనే. మాయ ఎక్కడుందో స్కానింగులో చూసి, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, ఆపరేషను గది సిద్ధంగా ఉంచుకుని చేస్తారు. ఇంట్లో నొక్కితే మాయ ఊడి రక్తస్రావం కావచ్చు.

మరొక మాట పెద్దవాళ్ళకు. "లేచి కూర్చోకుండా పక్కకు తిరిగావు, అందుకే ఇలా అయింది" అని అమ్మాయిని నిందించకండి. పడుకున్న తీరువల్ల బిడ్డ ఎదురు తిరగదు, పేగు మెడకు చుట్టుకోదు. మాయ కిందికి ఉండడం, ఉమ్మనీరు ఎక్కువ తక్కువలు, కవలలు, గర్భసంచిలో గడ్డలు వంటివి కారణాలు కావచ్చు. చాలాసార్లు ఏ కారణమూ కనిపించదు.

ఎదురుకాళ్ళ బిడ్డ పుట్టాక తుంటి కీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి. ఈ బిడ్డలలో తుంటి సరిగా కుదరకపోవడం కొంత ఎక్కువ. తొలి వారాలలో కనుగొంటే తేలికగా నయమవుతుంది.

మీ ఇంట్లో నెలలు నిండుతున్న అమ్మాయి ఉంటే, ఆమెకు ఎన్నో వారమో ఈరోజే లెక్క చూడండి. 36 దాటి ఉంటే, చివరిసారి పొట్ట పరీక్ష ఎప్పుడు జరిగిందో అడగండి. జరగకపోయి ఉంటే రేపే తీసుకువెళ్ళండి.