బొమ్మల పండుగలో మన ఆడపిల్లకు చోటేదీ?

ఆత్మకూర్‌లో ఒక సాయంత్రం సంఘం మీటింగు అయ్యాక, తల్లుల వెంట వచ్చిన పిల్లల కోసం ‘మీనా’ కార్టూన్ వేశాం. మాకు దొరికింది హిందీ ప్రతి. మా కార్యకర్త పక్కన నిలబడి తెలుగులో చెబుతూ పోయింది. మామిడిపండులో పెద్ద ముక్క తోడబుట్టిన రాజుకు, చిన్న ముక్క మీనాకు. ఎందుకట్లా అని మీనా అడుగుతుంది. ఒక రోజు ఇద్దరూ పనులు మార్చుకుంటారు. ఆమె పని చేయలేక రాజు అలసిపోతాడు. పిల్లలు పకపకా నవ్వారు. వెనక కూర్చున్న ఒక తల్లి మాత్రం నవ్వలేదు. “మా ఇంట్ల గూడ గుడ్డు పిలగానికే పెడ్త అక్కా. గిట్ల ఎన్నడు సోచాయించలె” అంది.

మనం ఎన్నో మీటింగుల్లో చెప్పలేకపోయిన మాటను కదిలే బొమ్మ కొద్ది నిమిషాల్లో చెప్పింది. కథకు ఈ శక్తి ఉందని మనకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత పుస్తకంలోని సీతమ్మ కథ చదువుకున్న స్త్రీలే 1992 నాటి సారా వ్యతిరేక పోరాటానికి నాంది పలికారు. దక్షిణాసియా దేశాలు 1991-2000ను ఆడపిల్లల దశాబ్దంగా ప్రకటించుకున్న కాలంలోనే యూనిసెఫ్ మీనాను తెచ్చింది. మన దేశపు యానిమేషన్ కళాకారుడు రామ్‌మోహన్ ఆ బొమ్మలకు ప్రాణం పోసిన వారిలో ఒకరు.

మరి ఇలాంటి బొమ్మలు మన పిల్లల దాకా ఎందుకు రావు?

ఫ్రాన్సులోని అనెసీలో 1960 నుంచి యానిమేషన్ చిత్రాలకు ప్రత్యేకంగా అంతర్జాతీయ ఉత్సవం జరుగుతోంది. అంత దూరం ఎందుకు, ప్రపంచ దేశాల యానిమేషన్ చిత్రాలు కూడా చూపే అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి హైదరాబాదే వేదికయింది. 2017 నవంబరులో అక్కడ 20వ ఉత్సవం జరిగింది. కానీ ఆత్మకూర్ నుంచి పిల్లను అక్కడికి తీసుకుపోవాలంటే బస్సు చార్జీలు కావాలి, తల్లికి ఒక రోజు కూలీ పోతుంది. తల్లిదండ్రులు వలస పోయిన ఇంట్లోనయితే చెల్లినీ తమ్ముణ్ణీ చూసుకునేది ఆ పిల్లే. బడి మానేసిన పిల్లను ఏ ఉత్సవానికి ఎవరు పిలుస్తారు?

ఇంట్లో టీవీ పెడితే ఆమెకు కనిపించేది వేరే లోకం. 2008లో మొదలై దేశమంతా పేరు తెచ్చుకున్న ‘ఛోటా భీమ్’ హైదరాబాదులో తయారైనదే. అందులో బలమంతా లడ్డూ తిన్న భీముడిది. జట్టులో ఉన్న చుట్కీ అతని పక్కన నిలబడే స్నేహితురాలు. బొమ్మలోనూ శ్రమ విభజన మారలేదు.

బొమ్మ గీసే చోట కూడా ఇదే వరుస. 1938లో ఒక యువతి ఉద్యోగం అడిగితే, సృజనాత్మకమైన పని మగవాళ్ళదేనని డిస్నీ సంస్థ జవాబు రాసింది. స్త్రీలకు మిగిల్చింది గీసిన గీతల మీద సిరా దిద్దడం, రంగులు నింపడం. అంతకు 12 ఏళ్ళ ముందే, 1926లో, జర్మనీలో లోటే రైనిగర్ అనే స్త్రీ నీడబొమ్మలు కత్తిరించి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం తీసింది! మన తోలుబొమ్మలాటకు దగ్గరి చుట్టం ఆ కళ. చేతకాకపోవడం కాదు, చేయనివ్వకపోవడమే అసలు సంగతి.

పండుగలు వద్దని మనం అనడం లేదు. అవి ఊళ్ళలోకి రావాలంటున్నాం. 2022లో బాలల చిత్ర సమితిని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపారు కనుక ఈ ప్రశ్న ఇప్పుడు ఆ సంస్థనే అడగాలి. ప్రభుత్వ సొమ్ముతో జరిగే ఏ ఉత్సవంలోని చిత్రాలైనా మండల కేంద్రాల్లోనూ, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లోనూ ఉచితంగా చూపాలి. తెలుగులో మాటలు చెప్పించాలి. ఎంపిక కమిటీల్లో స్త్రీలు సగం ఉండాలి. ఆడపిల్లలకు బొమ్మలు గీయడంలో శిక్షణ ఇవ్వాలి.

అంతవరకూ మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఒక గోడ, ఒక తెల్ల దుప్పటి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు చాలు. చిత్రం అయిపోయాక వెంటనే దీపాలార్పి ఇళ్ళకు పంపకండి. పిల్లల్ని మాట్లాడనివ్వండి.

ఆ సాయంత్రం ఆత్మకూర్‌లో ఒక పిల్ల అడిగింది: “మీనా పెద్ద బడికి గూడ పోయిందా అక్కా?” ఆ ప్రశ్న మీనా గురించి కాదని మా అందరికీ తెలుసు.