కారు గొంతు మార్చువారు

మంగళగిరి కొండమీద వెలసిన పానకాల నరసింహస్వామిని దర్శింపబోవు భక్తులు ఒక చిన్న సవ్వడి వినుటకై చెవి యొగ్గి నిలుతురు. అర్చకుడు స్వామి నోట పానకము పోయుచుండగా గుటక వేయు చప్పుడు వినబడుననియు, స్వామి సగము మాత్రమే స్వీకరించి తక్కిన సగమును భక్తునకే ప్రసాదముగా విడిచిపెట్టుననియు వారి విశ్వాసము. కొండక్రింది ఊరు కూడ చెవిగల ఊరే. గుంటమగ్గమున కూర్చున్న నేతగాడు చేతితోను కాలితోను పనిచేయుటయే గాక చెవితో గూడ పనిచేయును. మగ్గపు లయ తప్పినచో ఆ సంగతి కన్నుకంటె ముందు చెవి పసిగట్టును.

అట్టి ఊరిలో ఇప్పుడు వేరొక చప్పుడు బయలుదేరినది. చెన్నై, కలకత్తాలను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి ఊరి ప్రక్కనుండియే పోవుచున్నది. వాహనముల విడిభాగములకును మరమ్మతులకును పేరుపడిన విజయవాడ ఆటోనగరు ఎంతో దూరము లేదు. కారునకు వచ్చిన సైలెన్సరును ఊడదీసి, దాని స్థానమున వెడల్పైన వేరొక గొట్టము బిగించి, బండికి గొంతు పెంచు వేడుక యువకులలో ప్రబలినది. అందులకు దుకాణమునకు గూడ పోనక్కరలేదు. గొట్టము పార్సెలులో ఇంటికి వచ్చును. బిగించు విధానము సెల్‌ఫోనులో కనబడును. ఆదివారము ఉదయము ఒక జాకీ, నాలుగు స్పానర్లు, ఇద్దరు స్నేహితులు ఉన్నచో మధ్యాహ్నమునకు పని ముగియును. సాయంకాలమునకు ఆ సంగతి వీధియంతయు వినును.

ఈ యువకుని తిట్టుట సులభము. తిట్టుటకు ముందు అతనియందున్న ఒక గుణమును గుర్తించుట న్యాయము. పరీక్షలో ఇంజను బొమ్మ చక్కగా గీసి మార్కులు తెచ్చుకొని, నట్టును ఏవైపు త్రిప్పిన వదులగునో ఎరుగని పట్టభద్రులు ఈ దేశమున కొల్లలు. అతడో, చొక్కాకు గ్రీజు అంటినను లెక్కచేయక, కారు క్రింద వెల్లకిల పండుకొని, తుప్పుపట్టిన బోల్టుతో గంటసేపు పోరాడినాడు. యంత్రము లోపల ఏమున్నదో తెలిసికొనవలెనను ఆ కోరిక విద్యకు మొదటి మెట్టు. ఉపాధ్యాయుడు దానిని చిదిమివేయరాదు. అయితే అతడు విప్పినదేమో, బిగించినదేమో అతనికి తెలిసియుండవలెను. అచ్చటనే చిక్కు ఉన్నది.

సైలెన్సరు అనగా నిశ్శబ్దము కలిగించునది. చప్పుడు పెంచుటకై సైలెన్సరు కొనుట భాషకే వింత! ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి మండి ముషలకమును నెట్టిన తరువాత, వెడలిపోవు కవాటము తెరచుకొనును. అప్పటికి ఇంకను ఒత్తిడి తగ్గని వేడి వాయువు ఒక్కసారి వెలుపలికి ఉరుకును. ప్రతి ఉరుకును ఒక చిన్న ప్రేలుడే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగుచున్నచో, అట్టి ప్రేలుళ్లు సెకనునకు నూరు జరుగును. ఆ ధాటిని అణచుటకే సైలెన్సరు పుట్టినది. 1897లోనే రీవ్స్ సోదరులు అమెరికాలో అట్టి సాధనమునకు పేటెంటు పొందిరి. అందలి గదులును, చిల్లుల గొట్టములును ధ్వనితరంగములను ఒకదానిపైకి ఒకటి మరలించి, తరంగముతో తరంగమును కొట్టివేయును. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు ఒకే స్వరము పలుకుటకు కారణము జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ పందొమ్మిదవ శతాబ్దిలో వివరించినాడు. ఆ సూత్రమే సైలెన్సరు గదులలోను పనిచేయుచున్నది. మౌనము కలిగించుటకు ఎంత గణితము కావలెనో ఆ తుప్పుపట్టిన డబ్బా చెప్పును. దానిని పనికిరాని బరువని పారవేయువాడు పుస్తకము చదువక అమ్మివేసినవానితో సమానుడు.

ఆ గొట్టము దారిలో ఇంకొక పాత్ర కలదు. భారతదేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజి ఆరు ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఆ ప్రమాణములకు లోబడిన పెట్రోలు కార్లలో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహముల పూతగల ఉత్ప్రేరకపు పెట్టె ఉండును. విషమైన కార్బను మోనాక్సైడును అది బొగ్గుపులుసు వాయువుగను, నత్రజని ఆక్సైడులను తిరిగి నత్రజనిగను మార్చును. కొందరు గొట్టపు చివరి భాగమును మాత్రమే మార్చి, ఈ పెట్టె జోలికి పోరు. మరికొందరు దారికి అడ్డమని దీనిని గూడ ఊడదీయుదురు. మొదటివారు వీధిలోనికి రొదను వదలుచున్నారు. రెండవవారు రొదతోపాటు విషమును గూడ వదలుచున్నారు.

ఇంతకును కారునకు శక్తి పెరుగునా? ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానము చెప్పవలెను. వాడిన వాయువును వెలుపలికి నెట్టుటకు ఇంజను తన బలములో కొంత వ్యయపరచును. దారి సుగమమైనచో ఇంజను మిక్కిలి వడిగా తిరుగునప్పుడు కొంత లాభము కలుగవచ్చును. పందెపు కార్లలో ఆ లాభమును పిండుకొనుటకై ఇంజను, ఇంధనపు కొలతలు, గొట్టము అన్నిటిని కలిపి రూపొందింతురు. కాని ఊరిలో తిరుగు సామాన్యమైన కారునకు ఒక్క గొట్టమును మార్చినందువలన కలుగు లాభము స్వల్పము. సంతవీధిలో నెమ్మదిగా పోవునప్పుడు ఉన్న లాగుడు గూడ తగ్గవచ్చును. బండి పులివలె గర్జించుచున్నది గనుక పులివలె పరుగెత్తుచున్నదని చెవి కన్నును మోసగించుచున్నది. అంతియే.

ఈ మాట నమ్మనివారు హైదరాబాదును జ్ఞాపకము చేసికొందురు గాక. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరము ఒడ్డున ఫార్ములా ఈ పందెములు జరిగినవి. గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగము అందుకొనగల కార్లు అచ్చట పరుగెత్తినవి. అవి విద్యుత్తుతో నడచునవి. వానికి పొగగొట్టమే లేదు! సన్నని ఈలవంటి ధ్వనితో అవి కన్నుమూసి తెరచునంతలో దాటిపోయినవి. నిండుకుండ తొణకదను సామెతకు ఇంతకంటె మంచి ప్రయోగశాల ఉండబోదు.

ఇంటివద్ద ఈ పని చేయుటలోని ప్రమాదములను గూడ విద్యార్థులకు చెప్పవలెను. దాచినంతమాత్రమున వారు మానరు. జాకీ బండిని ఎత్తుటకే గాని మోయుటకు గాదు. స్టాండ్లు పెట్టక, చక్రములకు అడ్డు వేయక కారు క్రింద దూరుట ప్రాణముతో పందెమాడుటయే. ఇంజను ఆపిన చాలసేపటివరకు గొట్టము ఒడలు కాల్చునంత వేడిగా ఉండును. అన్నిటికంటె భయంకరమైనది కంటికి కనబడని కార్బను మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి చప్పుడు పరీక్షించువాడు మరల లేవకపోవచ్చును. అతుకువద్ద గాస్కెట్టు సరిగా కూర్చుండనిచో వాయువు కారు అడుగునుండి లోనికి ప్రాకును. అద్దములు మూసి ప్రయాణము చేయు తల్లికి, చెల్లికి తలనొప్పి వచ్చును. కారణము ఎవరికిని తట్టదు.

ఇక చట్టము. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును, తయారీదారు నిర్దేశించిన రూపమునకును భేదము కలుగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధమును దృఢపరచినది. ప్రతి వాహనమునకును శబ్దమును సాధ్యమైనంత తగ్గించు సైలెన్సరు ఉండవలెనని 1989 నాటి కేంద్ర నియమములలో 120వది శాసించుచున్నది. శబ్దప్రమాణములను అతిక్రమించి బండి నడుపువానికి, 2019 సవరణ తరువాత, మొదటి తప్పునకే పదివేల రూపాయలవరకు జరిమానాయో, మూడు నెలలవరకు జైలో, రెండునో పడవచ్చును. పైగా మూడు నెలలు లైసెన్సునకు అనర్హుడగును. 2024లో విశాఖపట్టణమున పోలీసులు ఇట్టి సైలెన్సర్లను వందలకొలది పట్టి, సముద్రపుటొడ్డు రోడ్డుపై వరుసగా పరచి, రోలరుతో నలిపించిరి. చూచుటకు అది ముచ్చటగనే ఉన్నది. కాని రోలరు గొట్టమును నలుపగలదు గాని దానిని కొనిపించిన కోరికను నలుపలేదు. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయము మంగళగిరిలోనే ఉన్నది. అయినను ప్రతి సందులోను ఒక పోలీసును నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము గాదు.

కావలసినది భయము కాదు, ఎరుక. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించిన ధ్వని ఉండరాదు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్ల మేర నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చును. అచ్చట హద్దు పగలు 50, రాత్రి 40. డెసిబెలు లెక్క సామాన్యపు కూడిక కాదు. పది పెరిగినచో ధ్వనితీవ్రత పదిరెట్లగును. ఇరువది పెరిగినచో నూరు రెట్లగును. మంగళగిరిలో 2019లో వైద్యసేవ లారంభించిన ఎయిమ్స్ ఆసుపత్రి కలదు. దూరపుటూళ్లనుండి రోగులు అచ్చటికి వత్తురు. రాత్రివేళ గర్జించుచు పోవు కారు నడుపువానికి అది అరనిమిషపు వినోదము. అప్పుడే నిద్రపట్టిన రోగికి అది రాత్రి నిద్ర. పరీక్షకు చదువుకొను బాలికకు అది తెగిన ఆలోచన. ఉలికిపడి ఏడ్చు పసిపాపకును, ఆ పాపను మరల జోకొట్టు తల్లికిని ఆ వినోదములో పాలు లేదు. ఖర్చు మాత్రము వారిదే.

తెలుగుభాషకు చెవి మిక్కిలి సున్నితమైనది. అందెలది సవ్వడి, గంటది మ్రోత, సముద్రమునది హోరు. వినగోరినవానికి చేరునది నాదము. కోరనివాని చెవిలో బలవంతముగా దూరునది గోల. ఈ భేదము తెలిసినచో శబ్దధర్మమంతయు తెలిసినట్లే.

ఇచ్చట యువకుడు ఎదురుప్రశ్న వేయవచ్చును. “పెండ్లి ఊరేగింపులో డీజే పెట్టెలు ఇండ్ల గోడలను అదరగొట్టినప్పుడు పెద్దలు ఎచ్చట ఉండిరి? ఎన్నికల ప్రచారపు మైకులు, ఉత్సవముల మైకులు గోల గావా? నా కారొక్కటియే పాపము చేసినదా?” ఈ ప్రశ్న న్యాయమైనది. రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆరుగంటలవరకు మైకులను నిషేధించుచున్నవి గూడ ఆ 2000 సంవత్సరపు నియమములే. ఉత్సవము పేర దానిని మీరుచున్న పెద్దలను చూచియే పిల్లలు బిగ్గరగా ఉండుటయే గౌరవమని నేర్చుకొనుచున్నారు. గోలను గొప్పతనమునకు గుర్తుగా చేసిన సమాజము, ఒక కుర్రవాని గొట్టమును చూచి ఆశ్చర్యపడుట తగదు. కాని పెద్దల తప్పు పిన్నల తప్పునకు అనుమతిపత్రము గానేరదు. రెండు తప్పులను ఒకే తరాజులో తూచి, రెంటిని మానుటయే ధర్మము.

ఉపాధ్యాయులు ఈ విషయమున పోలీసులకంటె ఎక్కువ చేయగలరు. పాడైన సైలెన్సరొకటి పాతసామానుల దుకాణమునుండి తెప్పించి, నిలువునా కోయించి, తరగతిలో బల్లపై పెట్టవచ్చును. సీసామూతిపై ఊదించి, నీటి మట్టము పెరిగిన కొలది స్వరము హెచ్చుట వినిపింపవచ్చును. పాఠశాల వాకిట నిలిచి, దాటిపోవు బండ్ల ధ్వనిని కొలిచి పట్టిక వ్రాయుమనవచ్చును. అట్టి పాఠము చదివిన బాలుడు పెద్దవాడైన పిదప గూడ కారు క్రింద దూరును, దూరనిండు. కారుచున్న అతుకును సరిచేయును, తెగిన రబ్బరు పట్టీని మార్చును, బండిని మునుపటికంటె నిశ్శబ్దముగా నడిపించి పొంగిపోవును. చప్పుడు పెంచుటకు గొట్టము ఊడదీసిన చాలును. చప్పుడు తగ్గించుటకు చదువు కావలెను. వేగమే కావలసినవారికి చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ఏర్పడిన పందెపుబాట వంటి తావులు ఉన్నవి. అచ్చట గర్జనను వినుటకు జనము కోరి వత్తురు.

వీధి ఒక్కరి సొత్తు కాదు, వీధిలోని గాలియు ఒక్కరిది కాదు, ఆ గాలిలోని మౌనమును ఒక్కరిది కాదు. అది కంటికి కనబడని ఉమ్మడి ఆస్తి. పోసిన పానకమంతయు తానే త్రాగక సగము ఇతరులకు విడుచు స్వామికి మ్రొక్కు ఊరిలో, ఆ ఆస్తిని ఎట్లు పంచుకొనవలెనో వేరుగా చెప్పవలసిన పని ఉండరాదు.