గండిపేట నీళ్లకు కాపలా కూలి ఎవరిస్తారు?

గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదిలి పోరని ఒక మాట ఉంది. ఆ నీళ్లను కాపాడిన ఊళ్ల రైతు గురించి మాత్రం ఏ మాటా పుట్టలేదు.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాతే మూసీ మీద గండిపేట (ఉస్మాన్‌సాగర్), ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడం, తాగునీరు ఇవ్వడం రెండూ వాటి పనే. ఈ జలాశయాలు పాడుకావద్దని 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, దాదాపు లక్షా 32 వేల ఎకరాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. ఒక నూనె కంపెనీ కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా దీన్నే సమర్థించింది.

మంచిదే. కానీ ఆ ఖర్చు ఎవరి మీద పడింది? మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల రైతు మీద. గండిపేటకు కూతవేటు దూరంలో, కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇటు కూరగాయలు, పూలు పండించే రైతు బిడ్డ పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఉన్న ఎకరం తెగనమ్మితే, జీవో పేరు చెప్పి ధర విరిచేవాళ్లే దొరికారు. కొన్నవాళ్లేమో ఫామ్‌హౌస్ కట్టి చుట్టూ గోడ పెట్టారు. నిబంధన ఎవరికి, సడలింపు ఎవరికి?

అందుకే 111 ఎత్తేయాలని మన రైతులే అడిగారంటే తప్పు పట్టలేం. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తామని నాటి మంత్రివర్గం ప్రకటించింది. అయితే ఒక్కటి ఆలోచించండి. చౌకగా అమ్ముకున్న భూమి ఇప్పుడు ఎవరి పట్టాలో ఉంది? ధర పెరిగితే లాభం వాళ్లదే. ఊళ్లో మిగిలిన రైతుకు, కౌలుదారుకు దక్కేది లేఅవుట్ల కింద పూడిన కుంటలు, తెగిన వాగులు. ఆ కుంటలు, వాగులే జలాశయాలకు నీళ్లు తెచ్చేవి. అవి పోతే ఎండాకాలం బోర్లు ఎండుతాయి, వాన పడితే వరద ముంచుతుంది. 2020 అక్టోబర్‌లో నగరం చూసిందే. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు మాదాపూర్ మేడల మధ్య మురుగుతో, గుర్రపుడెక్కతో ఎట్లా అయిందో కళ్లముందే ఉంది. తీగల వంతెన దీపాలు దాని నీళ్లను శుద్ధి చేయవు.

న్యూయార్క్ నగరానికి కాట్‌స్కిల్ కొండల నుంచి తాగునీళ్లు వస్తాయి. శుద్ధి ప్లాంటు కట్టే భారీ ఖర్చు కంటే ఎగువ రైతుకు డబ్బిచ్చి నీళ్లు కాపాడుకోవడమే మేలని ఆ నగరం లెక్కేసింది. 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. పేడ నిల్వకు, వాగు ఒడ్డున కంచెకు నగరమే ఖర్చు పెడుతోంది. అది దానం కాదు, కూలి.

మన సంఘం అడిగేదీ అదే. ఆంక్షలు ఉండాలి, ఫామ్‌హౌస్‌ల మీద కూడా అమలు కావాలి. పరిధిలో సాగు చేసే ప్రతి రైతుకు, కౌలుదారుకు ఎకరానికి ఏటా నీటి కాపలా సొమ్ము ఇవ్వాలి. సైబరాబాద్‌లో బహుళ అంతస్తుల అనుమతులకు వసూలు చేసే రుసుములో వాటా తీసి ఆ నిధి పెట్టాలి. కుంటల శిఖం హద్దులు గ్రామసభ ముందు కొలిచి రాళ్లు పాతాలి. 84 గ్రామాల శాఖలు తమ ఊరి కుంటలు, వాగుల జాబితాను సర్వే నంబర్లతో రాసి సంఘం కార్యాలయానికి పంపండి.