గోడలకూ, మెట్లకూ ధర కడుతున్నారు

సంపాదకుల వారికి,

బెజవాడలో ఫ్లాట్ల ధరలు స్థలం ఖరీదు వల్లే పెరిగాయన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2014లో రాజధాని ప్రకటన తర్వాత రేట్లు ఎగిసిన మాట నిజమే. కానీ అంత పోసి కొన్నవాళ్ల చేతికి వస్తున్న ఇల్లు ఎలా ఉంటోంది?

మా అమ్మాయి కోసం ఈమధ్య పటమటలో ఒక ఫ్లాట్ చూశాం. వంటింటి కిటికీ తెరిస్తే డక్టు, అందులో పక్కింటి బాత్రూం పైపులు. పడకగదిలో మంచం వేస్తే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు. హాల్లో పట్టపగలే లైటు వెయ్యాలి. మన రోహిణి కార్తె ఎండల్లో గాలాడని ఆ కొంపలో పసిపిల్లలతో ఎలా ఉంటారు? మెట్లు, లిఫ్టు, కారిడారు కలిపేసి చదరపు అడుగులు చెప్పారు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం చెప్పాల్సింది కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే నేల. అదడిగితే, "అందరూ ఇలాగే అమ్ముతున్నారండీ" అన్నారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మన ఊరి సింగ్‌నగర్‌ను ముంచింది. అయినా మేం చూసిన ఆ కొత్త భవనంలో కరెంటు మీటర్లూ, జనరేటరూ సెల్లార్లోనే!

అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలని అదే రెరా చట్టం చెబుతోంది. గాలీ వెలుతురూ లేని ప్లానును మాత్రం కట్టాక ఎవరూ బాగుచేయలేరు. నగరపాలక సంస్థ అనుమతి ఇచ్చేటప్పుడే అడ్డుకోవాలి. మీరూ ఇకపై ధరలను కార్పెట్ ఏరియా లెక్కన ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, విజయవాడ