కొత్త పంతులమ్మ వెనక పేట నిలబడాలి

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు. మన పేటల పిల్లలకీ ఉద్యోగాలొచ్చాయి. కూలికెళ్లే తల్లులు ఆ కాగితం పట్టుకుని ఏడ్చారు. మంగినపూడి దగ్గరి పేట నుంచి అలా టీచరైన ఒక ఆడపిల్ల కార్తీక పౌర్ణమి నాడు ఇంటికొచ్చింది. జనమంతా సముద్ర స్నానాలకి పోతుంటే ఆ పిల్ల మా దగ్గరికొచ్చి కూర్చుంది. "మాస్టారూ, పాఠం చెప్పటానికి భయం లేదండీ. మిగతా టీచర్ల మధ్య కూర్చోవాలంటేనే భయం" అంది.

చేరిన మొదటి రోజే "మీరేవిట్లమ్మా?" అని అడిగారట. చెప్పింది. పొద్దున అద్దెకిస్తామన్న ఇల్లు సాయంత్రానికి ఖాళీ లేదన్నారు. రిజర్వేషన్ టీచరని వెనక గొణుగుడు. ఇప్పుడు బోర్డు మీద ఒక్క అక్షరం తప్పు పడితే కులమంతా తప్పు రాసినట్టు ఆ పిల్లకి చెమటలు. రెండో తరగతి పిల్లల ముందు నోరు పెగలటం లేదు. రోజూ రెండు బస్సులు మారి తిరుగుతోంది. మానేస్తానంటోంది.

ఇది పిరికితనమా? కాదు. మేము చూసిన ట్రైనింగుల్లో గొంతు పెంచమంటారు, నవ్వుతూ మాట్లాడమంటారు. కులం ఊసెత్తరు.

1918లో బాబాసాహెబ్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి. అయినా స్టాఫ్‌కి పెట్టిన కుండలో నీళ్లు ముట్టటానికి వీల్లేదని తోటి ప్రొఫెసర్లు కొందరు అడ్డం చెప్పారు. ఈయనేం చెప్తాడులే అని విద్యార్థులు కూడా మొదట్లో తేలిగ్గా చూశారు. ఆయన గట్టిగా చదువుకుని క్లాసుకెళ్లేవారు. కొన్నాళ్లకి వేరే కాలేజీల పిల్లలు సైతం వచ్చి విన్నారు. క్లాసుని చదువుతో గెలిచారు. కుండ దగ్గర మాత్రం ఆ చదువు చాల్లేదు. నీళ్ల సంగతి తేల్చటానికి 1927లో వేల మందితో మహద్ చెరువుకి నడవాల్సొచ్చింది.

అందుకని తల్లీ, క్లాసు నీది. రేపటి పాఠం ఇవాళ రాత్రే చదువుకో. తెలియంది అడుగు. బెత్తం మాత్రం పట్టకు. భయపడ్డ టీచరు చేతికి బెత్తం తొందరగా వస్తుంది, దెబ్బలు తినేది మళ్లీ మన పిల్లలే. 2009 విద్యాహక్కు చట్టం కూడా కొట్టటాన్ని నిషేధించింది.

కుండ సంగతి పేటది. నువ్వు పనిచేసే ఊళ్లోనూ మనవాళ్లున్నారు. మొదటి వారంలోనే నలుగురు బడికెళ్లి "మా పిల్లలకి టీచరొచ్చింది" అని పలకరించి ఉండాల్సింది. స్కూలు కమిటీలో ఉన్న మన తల్లిదండ్రులు సంతకాలు పెట్టి రావటమేగానీ నోరు విప్పిందెప్పుడు?

ఇక మా సంగతి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో మాకు వేరే గ్లాసు పెట్టారు. నెల్లాళ్లు దాహానికి ఓర్చుకున్నాంగానీ ఇదేమని అడగలేదు. తర్వాత పట్నంలో ఇళ్లు కట్టుకున్నాం, పిల్లల్ని కాన్వెంటుల్లో వేశాం, కొందరం కులం దాచుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్లని యూనియన్ చందాకి తప్ప పలకరించం. ఆ గ్లాసు ఇవాళ ఈ పిల్ల ముందుకొచ్చిందంటే అందులో మా మౌనం కూడా ఉంది.

వచ్చే ఆదివారం ఆ పిల్లతో కలిసి ఆ ఊరి పల్లెకి వెళ్తున్నాం. అద్దె ఇల్లు చూడాలి, కమిటీ వాళ్లతో మాట్లాడాలి. ఉదయం ఏడు గంటలకి బందరు బస్టాండులో ఉంటాం. సీనియర్ మాస్టార్లు ముందు రావాలి.